మహర్ అరువు, జోడా రొక్కం

పోయిన నెల ఆకివీడు వైపు నుంచి ఒక తండ్రి ఏలూరులోని మా ఇంటికి వచ్చారు. చేపల ప్యాకింగ్ దగ్గర ఐసు కొట్టించి, పెట్టెలు లారీకి ఎత్తించే పని ఆయనది. నెలకు పద్దెనిమిది వేలు వస్తాయి. కూతురికి సంబంధం కుదిరింది. "మీరు ఆఫీసులో లెక్కలు రాసినవారు కదా భాయ్‌సాబ్, ఇందులో ఎక్కడ తగ్గించవచ్చో చూసి పెట్టండి" అంటూ నోటు పుస్తకంలోంచి చించిన ఒక కాగితం మా చేతికిచ్చారు.

ముప్పై అయిదేళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో పద్దులు సరిచూసిన అలవాటు మాది. కాగితం తీసుకుని వరుసగా చదివాము. జోడా రొక్కం రూ. 3,00,000. మోటారు సైకిలు రూ. 1,10,000. బంగారం మూడు కాసులు రూ. 2,50,000. బీరువా, మంచం, ఫ్రిజ్, పాత్ర సామాను రూ. 1,50,000. నికాహ్ నాడు నాలుగు వందల మందికి భోజనం రూ. 1,40,000. హాలు, స్టేజి, లైటింగ్ రూ. 60,000. మంగ్నీ, హల్దీ, సాంచఖ్ కలిపి రూ. 45,000. బట్టలు రూ. 50,000. ఫోటోలు, వీడియో రూ. 25,000. కార్డులు, ప్రయాణాలు రూ. 20,000. పది పద్దులు, మొత్తం రూ. 11,50,000.

ఆయన దగ్గర ఉన్నది రూ. 2,10,000. ఇంటి కోసమని కొనుక్కున్న చిన్న స్థలం అమ్మితే రూ. 4,40,000 వస్తుందట. మిగిలిన అయిదు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారట. అంటే నెలకు పదిహేను వేలు వడ్డీయే. సంపాదన పద్దెనిమిది వేలు. మిగిలే మూడు వేలతో ఇల్లు గడవాలి. మూడేళ్ళు ఇలా కడితే వడ్డీ కింద పోయేది రూ. 5,40,000. అసలు మాత్రం అలాగే ఉంటుంది.

కాగితాన్ని తిరగేసి వెనుక వైపు కూడా చూశాము. ఏమీ లేదు. "మహర్ ఎంత అనుకున్నారు?" అని అడిగాము. ఆయన కాసేపు ఆలోచించి, "అది నికాహ్ నాడు ఖాజీ గారు అడిగినప్పుడు వాళ్ళు చెప్తారు కదా" అన్నారు.

ఈ వ్యాసం రాయడానికి ఆ ఒక్క మాటే కారణం. నికాహ్‌లో ధర్మం విధించిన చెల్లింపు ఒక్కటే ఉన్నది. అది వరుడు వధువుకు ఇవ్వవలసిన మహర్. ధర్మమూ చట్టమూ రెండూ వద్దన్న చెల్లింపు ఒకటున్నది. అది వధువు తండ్రి వరుని ఇంటికి ఇచ్చే జోడా. మనం మొదటిదానిని అరువు పెట్టి, రెండవదానిని ముందు రోజే రొక్కంగా ఎంచి ఇస్తున్నాము. పెళ్ళి ఖర్చు ఎలా తగ్గించాలని అడిగేవారికి మా జవాబు ఇదే: ముందు ఈ రెండు పద్దులనూ తారుమారు చేయండి. లైట్ల సంగతీ, కార్డుల సంగతీ తరువాత మాట్లాడుకుందాము.

హక్కుల పత్రికలో పెళ్ళి లెక్కలు దేనికి?

ఈ పత్రిక చదివేవారికి రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాల సంగతులు కొత్త కాదు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు మన వెనుకబాటును అంకెలతో సహా చూసి బాధపడ్డాము. 2007లో బి.సి.-ఇ కింద నాలుగు శాతం వచ్చినప్పుడు సంతోషించాము. 2022లో కేంద్ర ప్రభుత్వం ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని ఆపివేసినప్పుడు, మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను రద్దు చేసినప్పుడు వినతిపత్రాలు పట్టుకుని తిరిగాము. ఇవన్నీ చేయవలసిన పనులే. రేపు కూడా చేస్తాము.

కానీ ప్రభుత్వం ఆపిన ఉపకార వేతనం గురించి కలెక్టరేటు ముందు నిలబడిన మనమే, మన ఇంటి ఆడపిల్ల చదువు సొమ్మును పెళ్ళి పందిట్లో ఎవరికో ఎంచి ఇచ్చి వస్తున్నాము. ఈ మాట ఇతరుల మీద రాయి వేయడానికి చెప్పడం లేదు. మా ఇంటి లెక్కే ముందు చెబుతాము.

మా నికాహ్ 1984లో జరిగింది. అత్తవారు అయిదు వేల రూపాయలు, ఒక సైకిలు, ఒక చేతి గడియారం ఇచ్చారు. మేము తీసుకున్నాము. అడగలేదని చెప్పుకున్నాము కానీ, వద్దని కూడా అనలేదు. మహర్ రూ. 1,116 అని రాశారు. ఆ సొమ్ము మేము చెల్లించినది పదవీ విరమణ చేసి గ్రాట్యుటీ అందుకున్న నాడు. అంతవరకు గుర్తే రాలేదు. పదకొండు వందల పదహార్లు మా ఇంటావిడ చేతిలో పెడితే, ఆమె నవ్వి, "ఇప్పుడు దీంతో ఏం కొనుక్కోమంటారు?" అన్నారు. ఆ నవ్వుకు మా దగ్గర జవాబు లేదు.

2008లో మా పెద్దమ్మాయి పెళ్ళి చేశాము. జి.పి.ఎఫ్. నుంచి పార్ట్ ఫైనల్ తీశాము, ఆఫీసులో వివాహ అడ్వాన్సు తీసుకున్నాము, చాలక బయట వడ్డీకి తెచ్చాము. అదే ఏడాది మా చిన్నమ్మాయికి బి.సి.-ఇ కోటాలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. జీతగాళ్ళము కనుక ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు వర్తించదు. ఫీజూ హాస్టలూ కలిపి కట్టడానికి చేతిలో పైసా లేదు. ఆ పిల్లను ఊళ్ళోనే బి.ఎస్సీ.లో చేర్పించాము. జాతి మొత్తం పోరాడి తెచ్చుకున్న సీటును మేము మూడు వందల మంది తిన్న ఒక పూట భోజనానికి వదులుకున్నాము. చిన్నమ్మాయి ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనాన్ని పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్నాము. అందుకే ఇది హక్కుల పత్రికలో రాయవలసిన సంగతి అంటున్నాము.

మహర్ అంటే ఏమిటో మరచిపోయాము

దివ్య ఖుర్ఆన్ నిసా సూరా నాలుగవ ఆయత్‌లో స్త్రీలకు వారి మహర్‌ను మనస్ఫూర్తిగా ఇచ్చివేయమని ఆదేశమున్నది. అది తండ్రికి కాదు, అన్నకు కాదు, ఆమెకే. ఒక పేద యువకుడు పెళ్ళి చేసుకోగోరినప్పుడు, ఇనుప ఉంగరమైనా సరే వెతికి తెమ్మని దైవప్రవక్త (స) అన్నారు. అదీ దొరకకపోతే అతనికి వచ్చిన ఖుర్ఆన్ భాగాన్నే ఆధారం చేసి నికాహ్ జరిపించారు. హజ్రత్ అలీ (రజి) తన కవచాన్ని మహర్ కింద ఇచ్చారు. ఇనుప ఉంగరం దొరకని పేదవాడిని కూడా "పిల్ల తండ్రి ఏమిస్తాడో కనుక్కున్నావా?" అని ఎవరూ అడగలేదు. చేయి జేబులోకి పోవలసినది వరునిదే.

మన నికాహ్‌నామాల్లో మహర్ రెండు రకాలుగా రాస్తారు. 'ఐన్' అక్షరంతో రాసే ముఅజ్జల్ అంటే వెంటనే ఇవ్వవలసినది. 'హమ్జా'తో రాసే మువజ్జల్ అంటే గడువు మీద ఇవ్వవలసినది. ఉర్దూ మాట్లాడేటప్పుడు రెండూ ఇంచుమించు ఒక్కలాగే వినిపిస్తాయి. తెర వెనుక కూర్చున్న పెళ్ళికూతురికి ఏది పలికారో తెలియదు. సాక్షులకూ తెలియదు. తెలుగు మాత్రమే చదవగలిగిన మన పిల్లలకు కాగితం మీద ఏది రాశారో కూడా తెలియదు. ఆమె జీవితంలో మొదటి ఆస్తిపత్రం ఆమెకు అర్థం కాని రెండక్షరాల తేడాలో చిక్కుకుని ఉంటుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. వెంటనే ఇవ్వవలసిన మహర్‌ను భార్య ఎప్పుడు అడిగితే అప్పుడు ఇవ్వాలి. చెల్లించని మహర్ భర్త మీద అప్పు. అతడు మరణిస్తే, ఆస్తిని వారసులు పంచుకోకముందే తీర్చవలసిన అప్పుల్లో అది కూడా ఒకటి. గడువు మీది మహర్ విషయంలో, భర్త మరణించినా, విడిపోయినా మూడేళ్ళలోగా దావా వేయాలని 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతుంది. ఇద్దత్ ముగిసేసరికే దిక్కుతోచని ఆడకూతుళ్ళలో ఎందరికి ఈ మూడేళ్ళ సంగతి తెలుసు?

తెలియకపోవడం అటుంచండి, మనం అంతకంటే ఘోరం చేస్తున్నాము. కొల్లేరు పక్క గ్రామాల్లో జనాజాలకు వెళ్ళినప్పుడు ఒక దృశ్యం పలుమార్లు చూశాము. కఫన్ కట్టిన భర్త దేహం దగ్గరకు భార్యను నడిపించుకు వస్తారు. నలుగురు పెద్ద ముత్తైదువలు ఆమె చెవిలో, "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయన ఆత్మకు బరువు పోతుంది" అంటారు. ఏడుపు మధ్య ఆమె తల ఊపుతుంది. ముప్పై ఏళ్ళ అప్పు అర నిమిషంలో కొట్టివేయబడుతుంది. మరునాటి నుంచి ఆమె కొడుకుల ఇళ్ళ మధ్య నెలల వంతున తిరుగుతుంది. ఇష్టపడి వదులుకోవడానికి స్త్రీకి హక్కున్నది. కానీ ముందుగా ఆమె చేతిలో పెట్టినప్పుడే కదా వదులుకోవడం ఆమె ఇష్టమవుతుంది? చేతికి రానిదానిని శవం ఎదుట నిలబెట్టి వదిలించడం క్షమాపణ కాదు, వసూలు.

నాలుగు సాకులు

ఈ మాటలు జుమా తరువాత మస్జిద్ వరండాలో చెప్పినప్పుడల్లా నాలుగు జవాబులు వస్తాయి.

మొదటిది, "మేము అడగలేదు, వాళ్ళే ఇచ్చారు." ఈ మాట మేమూ 1984లో అన్నాము కనుక దాని లోపల ఏముంటుందో మాకు తెలుసు. ఎంత ఇస్తారో తెలుసుకున్న తరువాతనే సంబంధం ఖాయం చేసి, అడగలేదనడం మాటల గారడీ. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం తీసుకున్నవారికీ ఇచ్చినవారికీ కూడా శిక్ష చెబుతుంది. కనీసం అయిదేళ్ళ జైలు, పదిహేను వేలు లేక కట్నం విలువ, ఏది ఎక్కువైతే అంత జరిమానా. అడిగినంత మాత్రాన కూడా శిక్ష ఉన్నది. బాధితురాలు తన గోడు చెప్పుకున్నందుకు ఆమె మీదనే కేసు పెట్టరాదని కూడా ఆ చట్టంలో ఉన్నది. ముస్లిముల మహర్ కట్నం కిందకు రాదని ఆ చట్టం రెండవ సెక్షనులోనే రాశారు. చూడండి, ఏది హక్కో ఏది నేరమో పార్లమెంటు విడదీసి చెప్పింది. మనమే కలగలిపాము.

రెండవది, "పిల్లకు రావలసిన వాటాయే ఇలా ఇస్తున్నాము." వాటా అంటే తండ్రి ఆస్తిలో కుమారుని భాగంలో సగం. అది ఆమె పేరు మీద ఉండవలసిన నేల, ఇల్లు, సొమ్ము. మోటారు సైకిలు ఎవరి పేరు మీద రిజిస్టరు అవుతున్నది? జోడా రొక్కం ఎవరి జేబులోకి పోతున్నది? నలభై ఏళ్ళుగా వారసత్వ ధ్రువపత్రాల కోసం వచ్చేవారికి అర్జీలు రాసి పెడుతున్నాము. "అక్కకు పెళ్ళప్పుడే ఇచ్చేశాము" అని రాయమన్న అన్నదమ్ములే ఎక్కువ. ఈ విధంగా ఆడపిల్లకు మూడు చోట్ల నష్టం. మహర్ చేతికి రాదు. జహేజ్ ఆమెది కాదు. ఆ జహేజ్ పేరు చెప్పి వాటా కూడా పోతుంది.

మూడవది, "నలుగురిలో తలెత్తుకు తిరగాలి కదా." అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాలో పెళ్ళి చేసుకున్న సంగతి దైవప్రవక్త (స)కు తరువాత గాని తెలియలేదు. ఆయన బట్టల మీది సుగంధపు మరక చూసి ఏమిటని అడిగితే చెప్పారు. తనను పిలవలేదని దైవప్రవక్త (స) అలగలేదు. మహర్ ఏమిచ్చావని అడిగారు. ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం ఇచ్చానన్నారు. ఒక్క మేకతోనైనా వలీమా చేయమన్నారు. అంతటి మహనీయుడిని పిలవని పెళ్ళికి లోటు రాలేదు. మన మేనమామ తోడల్లుడి పక్కింటివారిని పిలవకపోతే మన పరువు పోతుందట. సంపన్నులను పిలిచి పేదలను వదిలిపెట్టే వలీమా భోజనం అన్నిటికంటే చెడ్డదని కూడా హదీసులో ఉన్నది. మన విందుల్లో చివరి బంతికి మిగిలేది ఎవరో మీకు తెలుసు.

నాలుగవది అన్నిటికంటే బరువైనది. "ఇవ్వకపోతే మా పిల్లకు పెళ్ళవుతుందా?" ఈ ప్రశ్న అడిగే తండ్రిని మేము తప్పు పట్టలేము. ఒంటరిగా అతడు గెలవలేడు. నేను ఇవ్వనంటే ఇచ్చే మరొకరి గుమ్మానికి సంబంధం పోతుంది. అందువల్లనే ఆడపిల్లల తండ్రులకు ఉపన్యాసాలు చెప్పడం మేము మానుకున్నాము. ఈ పోరు మొదలు కావలసినది మగపిల్లల ఇళ్ళలో. తీసుకునేవాడు చేయి ముడిస్తే ఇచ్చేవాడు చాచనక్కరలేదు. మగపిల్లవాని తల్లిదండ్రులారా, ఈ వ్యాసం ముఖ్యంగా మీ కోసం రాస్తున్నాము.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. కాళ్ళకూరి నారాయణరావు గారు 'వరవిక్రయం' నాటకం రాసి నూరేళ్ళు దాటింది. ఆయన మన పశ్చిమ గోదావరి మత్స్యపురిలో పుట్టినవారే. కట్నపు బేరానికి బలి అయిన కాళిందిని చూసి ఆనాటి ప్రేక్షకులు కన్నీరు పెట్టారు. ఆ కన్నీటి మీద నూరేళ్ళు గడిచినా బేరం ఆగలేదు. కానీ పక్కవారికీ ఉన్నదన్న మాట మనకు సాకు కాదు. 2021 ఫిబ్రవరిలో అహ్మదాబాదులో ఒక ముస్లిం యువతి వీడియోలో తన చివరి మాటలు చెప్పి సబర్మతిలో దూకింది. ఆ తరువాతి నెలలో ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు సాదా నికాహ్ కోసం పదకొండు అంశాల ప్రతిజ్ఞాపత్రం విడుదల చేసింది. మన మస్జిదుల్లో ఎన్నింటిలో ఆ పత్రం గోడ మీద ఉన్నది?

ప్రభుత్వ సొమ్ము ఎటు పోతున్నది?

2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేద ముస్లిం వధువులకు 'దుల్హన్' పథకం కింద యాభై వేలు ప్రకటించింది. మధ్యలో చెల్లింపులు ఆగాయి. నిధుల కొరత వల్ల ఆపామని 2022లో ప్రభుత్వమే హైకోర్టుకు చెప్పింది. 2022 అక్టోబరు 1 నుంచి 'వైఎస్సార్ షాదీ తోఫా' కింద లక్ష రూపాయలన్నారు. వధువుకు 18, వరునికి 21 ఏళ్ళు నిండాలని, ఇద్దరూ పదవ తరగతి పాసై ఉండాలని నిబంధన పెట్టారు. తెలంగాణలో 'షాదీ ముబారక్' 2014 అక్టోబరు 2న రూ. 51,000తో మొదలై 2018 నాటికి రూ. 1,00,116 అయింది.

ఈ దరఖాస్తులు ఎన్నో మా చేతులతో నింపాము. పదవ తరగతి నిబంధన మంచిదే, దాని వల్ల కొందరు పిల్లలు బడిలో నిలిచారు. కానీ "తోఫా వస్తుంది కదా, జోడా ఇంకొక లక్ష పెంచండి" అన్న మాట కూడా మేము చెవులారా విన్నాము. ప్రభుత్వం పేరు పెట్టింది పెళ్ళికూతురికి, చేయి చాచినది ఇంకొకరు. పైగా ఈ సొమ్ము పెళ్ళి అయిన తరువాత వస్తుంది. ముందు చేసిన అప్పును అది ఆపదు.

కనుక మన కోరిక కూడా మారాలి. పెళ్ళికి ఇచ్చే సొమ్ము వధువు పేరు మీద కొన్నేళ్ళు కదపలేని డిపాజిట్టుగా ఉండాలని, చదువు మానకుండా కొనసాగించే పిల్లకు ఎక్కువ ఇవ్వాలని, ప్రభుత్వ నిధులతో కట్టిన షాదీఖానాలు పేదలకు నామమాత్రపు అద్దెకు దొరకాలని అడుగుదాము. ఏ ప్రభుత్వం వస్తే ఏ పేరు పెడుతుందో అని ఎదురుచూసే స్థితి నుంచి బయటపడాలి.

ఆ కాగితాన్ని తిరిగి రాశాము

కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులన్నీ వచ్చి కలుస్తాయి. సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. మన పేద ఇళ్ళ లెక్క దీనికి తలక్రిందులు. వచ్చే దారి ఒకటే, పోయే దారులు పది. 2006లో చెరువు గట్లు కొట్టివేసినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరు మీదకు వచ్చినప్పుడు ఆ ఒక్క దారి కూడా మూసుకుపోయిన ఇళ్ళను చూశాము. కొల్లేటి ప్యాకింగ్ కూలీ అయినా, తాడేపల్లిగూడెం మార్కెట్లో కర్నూలు ఉల్లి బస్తాలు దించే హమాలీ అయినా, ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీ ముడులు వేసే నేతగాడైనా, పని ఆగిన వారం పొయ్యి కూడా ఆగుతుంది. అలాంటి ఇంటి మీద నెలకు పదిహేను వేల వడ్డీ పెట్టి అల్లుడికి మోటారు సైకిలు కొనడం ఏ ధర్మం?

అందుకని ఆ తండ్రి కాగితం వెనుక వైపు మేము ఇంకొక లెక్క రాసిచ్చాము. సూత్రం ఒక్కటే. ఎవరిని పిలవాలన్న దగ్గర మొదలుపెట్టకూడదు, చేతిలో ఎంత ఉన్నదన్న దగ్గర మొదలుపెట్టాలి.

వధువు ఇంటి లెక్క: బట్టలు రూ. 25,000. కూతురికి ఒక కాసు బంగారం రూ. 83,000. అసర్ నమాజు తరువాత మస్జిద్‌లో నికాహ్, వచ్చినవారికి ఖర్జూరాలు, టీ, షర్బతు రూ. 15,000. దగ్గరి బంధువులు అరవై మందికి ఇంట్లోనే భోజనం రూ. 9,000. ప్రయాణాలు, వివాహ నమోదు ఖర్చులు రూ. 8,000. మొత్తం రూ. 1,40,000. మిగిలిన రూ. 70,000 కూతురి పేర పోస్టాఫీసులో. అప్పు సున్న. ఇంటి స్థలం ఇంటికే.

వరుని ఇంటి లెక్కలో మొదటి పద్దు మహర్. దానిని రూపాయల్లో కాక బంగారపు గ్రాముల్లో రాయాలి. మా పదకొండు వందల పదహార్ల గతి ఇంకెవరికీ పట్టకూడదు. వీలైనంత నికాహ్ నాడే చేతికివ్వాలి, మిగిలినదానికి తేదీ రాయాలి. రెండవ పద్దు కాపురానికి ఇల్లు. మూడవది వలీమా. అది వరుని బాధ్యత. నూటయాభై మందికి ఇరవై కిలోల బియ్యం, ఇరవై రెండు కిలోల కోడిమాంసం, నూనె, పెరుగు, ఉల్లి, మసాలాలు, వంటవారి కూలి, గిన్నెల అద్దె కలిపి రూ. 23,000 లోపు తేలుతుందని మా మొహల్లాలో చేసి చూపించాము. తినివెళ్ళినవారెవరూ లోటన్నది లేదు.

నికాహ్‌నామాను తెలుగులో కూడా రాయించండి. పెళ్ళికూతురికి వినిపించి సంతకం తీసుకోండి. ఇష్టంగా ఇచ్చిన కానుకలేమైనా ఉంటే చట్టం చెప్పినట్లు జాబితా రాసి ఇరువైపులా సంతకాలు చేయండి. 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం ప్రకారం పెళ్ళిని రిజిస్టరు చేయించండి. వీటికి అయ్యే ఖర్చు ఒక లైటింగ్ స్తంభం అద్దె కంటే తక్కువ.

జమాఅత్‌లకు మా విన్నపం

మస్జిద్ కమిటీల పెద్దలూ, ఖాజీ గార్లూ, మీరు తలచుకుంటే ఇది ఒక్క ఏడాదిలో మారుతుంది. జోడా మాట్లాడుకున్న పెళ్ళికి ఖుత్బా చదవమని నిర్ణయం తీసుకోండి. మహర్ ఎంత, ఎప్పుడు, ఏ రూపంలో అన్నది నికాహ్‌కు పదిహేను రోజుల ముందే కాగితం మీద అడగండి. మస్జిద్‌లో నికాహ్ చేసుకున్నవారికి గిన్నెలు, కుర్చీలు ఉచితంగా ఇవ్వండి. ధనికులు ముందుగా మస్జిద్‌లో చేసి చూపించాలి. లేకపోతే సాదా నికాహ్ అంటే గతిలేనివారి నికాహ్ అన్న పేరు పడుతుంది. జనాజా దగ్గర మహర్ మాఫ్ చేయించే అలవాటును మింబర్ మీద నుంచే నిషేధించండి.

ఆ ఆకివీడు తండ్రి మా కాగితం తీసుకుని వెళ్ళి రెండు రోజుల తరువాత ఫోను చేశారు. "ఇది చూపిస్తే సంబంధం తప్పిపోతుందేమో భాయ్‌సాబ్" అన్నారు. తప్పిపోవచ్చు. అబద్ధపు భరోసా మేము ఇవ్వలేదు. వచ్చే ఆదివారం మేము నలుగురం ఆయనతో కలిసి తాడేపల్లిగూడెంలో వరుని ఇంటికి వెళ్తున్నాము. ఆ పిల్లవాడు లారీ డ్రైవరు, నమాజీ అని విన్నాము. ఒక సంగతి మాత్రం ముందే నిర్ణయించుకున్నాము. మహర్ ఎంతో తేలేవరకు జోడా మాట ఎవరినీ ఎత్తనివ్వము. తేలిన తరువాత, పిల్లవాని ముఖం చూసే అడుగుతాము, "ఇంకా జోడా కావాలా నాయనా?" అని.

మీ మొహల్లాలో ఈ నెలలో జరగబోయే నికాహ్‌లకు మీరూ నలుగురు కలిసి వెళ్ళండి. అడగవలసిన మొదటి ప్రశ్న మీకు తెలుసు.